రొట్టెతో మొదలుపెట్టిన మనిషి

చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో బుజ్జి అడిగాడు: "తాతయ్యా, రాజకీయ నాయకుడు కావాలంటే ముందు ఏం చేయాలి?" ఆ వేళ జవాబు దాటవేశాను. నాకు తెలిసిన ఒకాయన అయితే ముందు రొట్టెలు కాల్పించారు.

బెల్జియం ఉత్తర భాగాన్ని ఫ్లాండర్స్ అంటారు, అక్కడి వాళ్లను ఫ్లెమిష్ వాళ్లంటారు. మాట్లాడేది డచ్ భాష. ఆ ప్రాంతంలోని గెంట్ నగరంలో 1856లో ఎడ్వర్డ్ ఆన్సేలే పుట్టారు. ఊరి నిండా నూలు మిల్లులు, బట్టల మిల్లులు. మీ ఈడు పిల్లలూ వాటిలో పనిచేసేవారు. పన్నెండేళ్లలోపు వాళ్లను పనిలో పెట్టకూడదన్న చట్టం 1889లో గానీ రాలేదు.

మిల్లు కూలీ ఇంట్లో రోజూ కావలసింది రొట్టె. కొట్టులో అరువు పెట్టి తెచ్చుకుంటే, తూకం తగ్గినా నోరెత్తలేం కదా! అందుకని 1880ల మొదట్లో ఆన్సేలే, ఆయన మిత్రులు కలిసి ఒక సహకార రొట్టెల సంఘం పెట్టారు. పేరు 'వోరైట్'. అంటే 'ముందుకు' అని అర్థం. అక్కడ అరువు లేదు. సభ్యులు ముందే డబ్బిచ్చి బిళ్లలు కొనుక్కోవాలి, బిళ్ల ఇచ్చి రొట్టె తీసుకోవాలి. మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత రొట్టె కొన్నారో లెక్కకట్టి వాళ్లకే పంచేవారు. అదీ చేతికి డబ్బుగా కాదు, మళ్లీ సంఘం దుకాణాల్లోనే చెల్లే బిళ్లలుగా! గట్టి లెక్కల మనిషే. సభ్యుడు జబ్బుపడితే కొన్ని వారాలు రొట్టె ఉచితం. తర్వాత బొగ్గు, బట్టలు, మందుల దుకాణాలూ వచ్చాయి. బంగాళాదుంపలతో, నాలుగు పౌండ్ల రొట్టెలతో పెట్టుబడిదారుల కోటను కూలుస్తామని ఆన్సేలే అనేవారట.

1885లో బెల్జియం కార్మిక పార్టీ పుట్టినప్పుడు ముందు వరుసలో ఆయనా ఉన్నారు. మరుసటి ఏడు సమ్మెకారుల మీదికి సైన్యాన్ని పంపారు. కార్మికుల మీద కాల్పులు జరపవద్దని మీ కొడుకులకు రాయండి అంటూ ఆన్సేలే సైనికుల తల్లులను పత్రికలో వేడుకున్నారు. దానికి ఆరు నెలల జైలు.

1894లో బెల్జియంలోనే మరో నగరమైన లియేజ్ నుంచి పార్లమెంటుకు గెలిచారు. అప్పటి ఓట్ల పద్ధతి వింటే మీకు కోపం వస్తుంది. ఆస్తి, చదువు ఉన్న మగవాడికి రెండో మూడో ఓట్లు, మిల్లు కూలీకి ఒక్కటే. పక్కన కూర్చుని చదువుతున్న మీ అమ్మమ్మ "మరి ఆడవాళ్లకో?" అంది. ఒక్కటీ లేదు. బెల్జియంలో స్త్రీలందరికీ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుహక్కు 1948లో వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఆయన ప్రజాపనుల మంత్రి అయ్యారు, ఆ తర్వాత రైల్వేలు చూశారు. అయితే మంత్రిపదవుల కన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఆయన బ్యాంకు. కార్మికుల పొదుపుతో కార్మికులే మిల్లుల యజమానులు కావాలని 1913లో ఒక బ్యాంకు పెట్టించారు. ఆ డబ్బు సంఘం మిల్లుల్లో, కంపెనీల్లో ఇరుక్కుపోయింది. ఆర్థికమాంద్యం వచ్చిపడేసరికి 1934లో బ్యాంకు మూతపడింది. రొట్టె దగ్గర అరువు ఒప్పుకోని మనిషి పేదల దాపుడు సొమ్మును అంత ధైర్యంగా ఎలా పెట్టారా అని నేను చాలాసార్లు అనుకున్నాను. నాకు ఆయనంటే గౌరవమే, కానీ ఈ తప్పును చిన్నది చేసి చెప్పలేను. అప్పటికి ఆయనకు డెబ్బై ఏడేళ్లు. 1938లో గెంట్‌లోనే కన్నుమూశారు.

1914 నాటికి ఆ సంఘం కట్టుకున్న పెద్ద ఉత్సవశాల ఇప్పటికీ గెంట్‌లో ఉంది, నాటకాలూ కచేరీలూ జరుగుతుంటాయి. తమాషా ఏమిటంటే, 2021లో ఫ్లెమిష్ సోషలిస్టు పార్టీ తన పేరును 'వోరైట్' అని మార్చుకుంది. దాంతో అదే పేరుతో నడుస్తున్న ఆ భవనంలోని కళాకేంద్రం వేరే పేరు వెతుక్కోవలసి వచ్చింది.



మీ తాతయ్య