రెజ్యూమె చదివేవాళ్ల కుర్చీలో కూర్చుని చూడండి

చిరంజీవులకు, దీవెనలు.

ఈ మధ్య మీరు ఒకరి తర్వాత ఒకరు రెజ్యూమెలు పంపి "పెదనాన్నా, ఒకసారి చూసి చెప్పవూ" అంటున్నారు. విడివిడిగా చెప్పేకంటే అందరికీ కలిపి రాస్తే మేలనిపించింది. మనుషుల్ని ఉద్యోగాలకు ఎంపిక చేసే పనిలో చాలా ఏళ్లున్నాను, కట్టలకొద్దీ రెజ్యూమెలు చదివినవాణ్ని. చదివేవాళ్లకు తీరిక ఉండదు. కళ్లు పేజీ మీద గబగబా పరిగెడతాయి. అవి ఆగేది మీరు చేసిన పని కనిపించిన చోటే.

"కష్టపడి పనిచేస్తాను, టీమ్ ప్లేయర్‌ని, త్వరగా నేర్చుకుంటాను." మీరు పంపినవాటిలో దాదాపు అన్నిటిలోనూ ఈ వాక్యం ఉంది. నిజమే అయ్యుండొచ్చు, కానీ అందరూ రాసేదే కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పదు. మీలో ఒకమ్మాయి "లైబ్రరీలో వాలంటీర్‌గా చేశాను" అని ఒక్క ముక్క రాసి వదిలేసింది. ఏం చేశావమ్మా అని ఫోన్లో అడిగితే అప్పుడు చెప్పింది: రిజిస్టర్లలో చేత్తో రాసి ఉన్న 1,200 పుస్తకాల వివరాలు మూడు నెలల్లో ఎక్సెల్‌లోకి ఎక్కించిందట, రెండుసార్లు నమోదైనవి ఏరి తీసేసిందట. ఇంత పని చేసి దాచుకుంటే ఎలా తల్లీ? అదే రాయమన్నాను. ఓపిక, శ్రద్ధ, ఎక్సెల్ మీద పట్టు అన్నీ ఆ ఒక్క వాక్యంలోనే తెలిసిపోతాయి.

కొత్తగా చదువు ముగించినవాళ్లకు ఒక్క పేజీ చాలు. ఇటీవల చేసిన పని ముందు, పాతది తర్వాత. చాలా కంపెనీల్లో మనుషుల కంటే ముందు ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ రెజ్యూమెను జల్లెడ పడుతుంది. టేబుళ్లు, బొమ్మలు దాన్ని తికమక పెట్టొచ్చు, సాదాగా ఉంచండి. ప్రకటనలో అడిగిన నైపుణ్యం మీకుంటే వాళ్లు వాడిన మాటతోనే రాయండి. లేనిది మాత్రం రాయకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

రెజ్యూమెతో పాటు పంపే ఉత్తరం, అదే కవర్ లెటర్, దగ్గరకొచ్చేసరికి చాలామంది రెజ్యూమెనే మళ్లీ వాక్యాల్లో రాసి పంపుతారు. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చీ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాను పని అడుగుతూ తయారుచేసిన ఉత్తరం ముసాయిదా ఇప్పటికీ ఉంది. అంతటి చిత్రకారుడు బొమ్మల సంగతి చివర్లో గానీ ఎత్తలేదు. సులువుగా మోసుకెళ్లగల వంతెనలు, ఫిరంగులు, కోటల్ని కూల్చే పద్ధతులు ముందు వరుసగా చెప్పాడు. పాలకుడికి కావలసినవి అవే మరి. వీటిలో ఏదైనా అసాధ్యమనిపిస్తే మీ ఎదుటే చేసి చూపిస్తానని కూడా రాశాడు.

మీరూ ముందు ప్రకటనను నెమ్మదిగా చదివి, వాళ్లకున్న అవసరమేమిటో పట్టుకోండి. దానికి సరిపోయే మీ పని ఒక్కటి ఎంచుకుని వివరంగా చెప్పండి. అరపేజీ దాటనివ్వకండి. ఒక కంపెనీకి రాసిన ఉత్తరాన్ని పేరైనా మార్చకుండా ఇంకో కంపెనీకి పంపిన పిల్లలుండేవారు. చేతనైన పిల్లలే, పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు నాకు బాధేసేది. అందుకే పంపేముందు పైకి చదవండి, పేరూ ఫోన్ నంబరూ సరిచూసుకోండి.

ఆదివారంలోగా మార్చి నాకు పంపండి. ప్రకటన కూడా జతచేయండి, అది చూడకుండా మీ ఉత్తరం బాగుందో లేదో చెప్పలేను.

మీ పెదనాన్న