బ్రిటన్ అణు సబ్‌మెరైన్లు: నలభై ఏళ్ల వాయిదా

బ్రిటన్ తొలి అణు జలాంతర్గామి పేరు డ్రెడ్‌నాట్. 1960 అక్టోబరు 21న రెండో ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. 1963లో నౌకాదళంలో చేరి, 1980లో రిటైరైంది. అంటే కొలువు చేసింది పదిహేడేళ్లు. స్కాట్లాండ్‌లోని రోసైత్ డాక్‌యార్డ్‌లో పనీపాటా లేకుండా తేలుతున్నది మాత్రం నలభై ఏళ్ల పైమాటే. తర్వాత రిటైరైనవీ ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. 2019 నాటికి రోసైత్‌లో 7, ఇంగ్లండ్ నైరుతి మూలన ప్లిమత్ నగరాన్ని ఆనుకుని ఉన్న డెవన్‌పోర్ట్‌లో 13. ఒక్కదాన్ని కూడా పూర్తిగా విడగొట్టింది లేదు.

మొదట్లో దీన్ని పెద్ద సమస్యగా ఎవరూ చూడలేదు. ఇంధనం తీసేసి, మిగిలిన ఓడను నడిసముద్రంలో ముంచేస్తే సరిపోతుందన్న ఆలోచన అప్పట్లో గట్టిగానే ఉండేది. తక్కువ స్థాయి అణు చెత్తను బ్రిటన్ 1982 దాకా అట్లాంటిక్‌లో పారేస్తూనే వచ్చింది మరి. 1983లో ఆ చెత్త నింపిన డ్రమ్ములు ముట్టుకోబోమని నావికుల యూనియన్ మొరాయించింది. అదే ఏడాది, సముద్రంలో చెత్త పారబోతపై కుదిరిన లండన్ ఒప్పందంలోని దేశాలు ఇక ఆపుదామని తీర్మానించుకున్నాయి. 1993లో అది పూర్తి నిషేధమైంది. సముద్రం దారి అలా మూసుకుపోయింది.

భూమిలో పాతిపెట్టే దారీ తెరుచుకోలేదు. ఇంగ్లండ్ వాయవ్యాన కంబ్రియాలో ఉన్న అణు కేంద్రం సెల్లాఫీల్డ్ దగ్గర భూగర్భంలో పరిశోధన కేంద్రం తవ్వి, అణు చెత్త పాతిపెట్టడానికి అక్కడి రాయి పనికొస్తుందో లేదో చూద్దామన్న నైరెక్స్ (అణు చెత్త వదిలించే పని చూసే సంస్థ) ప్రతిపాదనను 1997లో ప్రభుత్వం తిప్పికొట్టింది.

ఇంతకీ దాచాల్సింది ఏమిటి? సబ్‌మెరైన్ మొత్తం కాదు. ఇంధనం తీశాక దానిలో చాలా భాగం మామూలు ఇనుమే, తుక్కు కింద అమ్ముకోవచ్చు. అసలు తలనొప్పి రియాక్టర్ ప్రెషర్ వెసెల్‌తోనే. ఇంధనం చుట్టూ ఉండే మందపాటి ఉక్కు పాత్ర అది. ఏళ్ల తరబడి న్యూట్రాన్లు తగిలి తగిలి ఆ ఉక్కే రేడియోధార్మికంగా మారిపోతుంది. అందులోని కొబాల్ట్-60 అయిదేళ్ల చిల్లరకు సగం తగ్గుతుంది. నికెల్-63కు అదే పని చేయడానికి దాదాపు వందేళ్లు కావాలి. ఆగేకొద్దీ కొబాల్ట్ తగ్గుతుంది కాబట్టి పనివాళ్లకు ముప్పు తగ్గుతుందనేది నిజమే. వాయిదా వేసినవాళ్ల దగ్గరున్న సాకుల్లో కాస్త పస ఉన్నది అదొక్కటే అని నాకనిపిస్తుంది.

అమెరికా వాళ్లు రియాక్టర్ ఉన్న భాగాన్ని మొత్తంగా కోసి, బార్జి మీద కొలంబియా నదిలో పైకి తీసుకెళ్లి, ఎడారిలాంటి హాన్‌ఫర్డ్ అణు కేంద్రంలో పెద్ద కందకంలో పెట్టేస్తారు. రష్యా ముర్మాన్స్క్ దగ్గర సైదా తీరంలో ఒడ్డున వరసగా పేర్చింది. మన సంగతికొస్తే, విశాఖకు లీజు మీద వచ్చిన అణు సబ్‌మెరైన్ ఐఎన్ఎస్ చక్ర 2021లో రష్యాకే తిరిగి వెళ్లిపోయింది కాబట్టి దాని బరువు మనది కాదు. విశాఖలోనే కట్టిన అణు సబ్‌మెరైన్ అరిహంత్ సంగతి వేరు, దాని బరువు మనదే. బ్రిటన్‌కైతే హాన్‌ఫర్డ్ లాంటి ఎడారి లేదు.

అందుకే పాత సబ్‌మెరైన్లను ఏం చేయాలో తేల్చడానికి 2000లో ఐసోలస్ పేరుతో కొత్త ప్రాజెక్టు మొదలైంది. లాంకాస్టర్ యూనివర్సిటీ చేత 2001లో ఒకసారి, 2003లో ఇంకోసారి జనం మాట కనుక్కున్నారు. తర్వాత రక్షణ శాఖే రంగంలోకి దిగి 2011 అక్టోబరు 28 నుంచి 2012 ఫిబ్రవరి 17 దాకా అభిప్రాయాలు తీసుకుంది. ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఒక షామియానా, ఒక మైకు, నాలుగు జీపుల పోలీసులు, సాయంత్రానికల్లా అయిపోయే తంతు అనుకునే మనకు పదహారు వారాలు అంటే వింతగానే ఉంటుంది. రియాక్టర్ భాగాన్ని మొత్తంగా కోసి దాచాలా, వెసెల్ ఒక్కటే బయటికి తీయాలా, దాన్ని కూడా ముక్కలు చేసి పెట్టెల్లో సర్దాలా అన్నది ప్రశ్న. 2013 మార్చిలో జవాబు వచ్చింది: వెసెల్‌ను ముక్కలు చేయకుండా తీసి దాచాలి, ఆ తీసే పని డెవన్‌పోర్ట్, రోసైత్ రెండు చోట్లా జరగాలి.

దాచేది ఎన్నాళ్లు? లోతైన శాశ్వత భూగర్భ నిల్వ కేంద్రం వచ్చేదాకా. అది వస్తే గిస్తే 2040 తర్వాతే అని అప్పటి అంచనా. తమాషా ఏమిటంటే, ఆ నిర్ణయానికి రెండు నెలల ముందే, 2013 జనవరి 30న, ఆ కేంద్రానికి చోటు వెతికే ప్రక్రియలో ఇక ముందుకు పోయేది లేదని కంబ్రియా కౌంటీ కౌన్సిల్ తేల్చి చెప్పేసింది. అప్పటికి బరిలో మిగిలిన ప్రాంతం అదొక్కటే. శాశ్వత చోటు ఊసే లేనప్పుడు ‘తాత్కాలికం’ అన్న మాటను జనం ఎలా నమ్ముతారు? అసలు అడగాల్సిన ప్రశ్న అది. సంప్రదింపుల్లో మాత్రం ఎలా కోయాలి, ఎక్కడ ఉంచాలి అన్నవే అడిగారు.

2014 నవంబరు 14 నుంచి 2015 ఫిబ్రవరి 20 వరకు రెండో విడత. ఈసారి వెసెల్స్‌ను ఎక్కడ దాచాలన్నది ప్రశ్న, అయిదు పేర్లు: ఆల్డర్‌మాస్టన్, బర్గ్‌ఫీల్డ్, సెల్లాఫీల్డ్, చాపెల్‌క్రాస్, కేపెన్‌హర్స్ట్. అన్నీ అప్పటికే అణు పనులతో ముడిపడ్డ చోట్లే. డెవన్‌పోర్ట్, రోసైత్ ఆ జాబితాలో లేవు. 2016 జులైలో చెషైర్‌లోని కేపెన్‌హర్స్ట్‌ను ఖాయం చేశారు. యురేనియం శుద్ధికి పేరుపడ్డ చోటు అది.

కాగితం మీద ఇంత జరుగుతుంటే డాక్‌యార్డ్‌లో పని నత్తనడకే. ఇంధనం తీసే ఏర్పాట్లు నియంత్రణ సంస్థల ప్రమాణాలకు తూగకపోవడంతో 2004 నుంచి ఆ పనే ఆగిపోయింది. డెవన్‌పోర్ట్‌లోని 13లో 9 ఇంధనం కడుపులో పెట్టుకునే ఉన్నాయని 2019 ఏప్రిల్‌లో ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ తేల్చింది. పాత సబ్‌మెరైన్లను ఊరికే అట్టేపెట్టడానికే 1980 నుంచి 2017 దాకా 50 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయట. వాటిని మునగకుండా చూసుకోవాలి, అప్పుడప్పుడు డ్రైడాక్‌లోకి ఎక్కించి పెయింటు వేయాలి, జీతాలివ్వాలి.

విడగొట్టే పని మొదట మొదలైంది స్విఫ్ట్‌ష్యూర్ అనే సబ్‌మెరైన్ మీద, 2016 డిసెంబరులో రోసైత్‌లో. తక్కువ స్థాయి చెత్తతో మొదలుపెట్టి తర్వాత వెసెల్ దాకా వెళ్లాలని పథకం. 2026 కల్లా పూర్తి చేస్తామన్నది రక్షణ శాఖ పెట్టుకున్న గడువు. ఈలోగా, 2022లో ట్రెంచంట్, టాలెంట్ అనే మరో రెండు సబ్‌మెరైన్లు కూడా రిటైరయ్యాయి.