ఉక్కపోతలో కుండనీళ్ళు ఎందుకు చల్లబడవు?

రామగుండంలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు మే నెలలో ఒక పెళ్ళికి మచిలీపట్నం వెళ్ళివచ్చి నన్నొక ప్రశ్న అడిగాడు. "మామయ్యా, 44 డిగ్రీల ఎండలో పనిచేయించేవాణ్ణి, అక్కడ 36 డిగ్రీలకే పందిట్లో కూర్చోలేకపోయాను. థర్మామీటరు తప్పా, నా ఒళ్ళు తప్పా?" రెండింటిలోనూ తప్పు లేదు.

దీనికి జవాబు వేసవిలో మన ఇళ్ళల్లో ఒక మూల ఇసుక మీద కూర్చుని ఉంటుంది. మట్టికుండ గోడలనిండా కంటికి ఆనని సన్నని రంధ్రాలు ఉంటాయి. లోపలి నీరు వాటిగుండా ఊరి, వెలుపలి గోడను తడిపి, ఆవిరిగా గాలిలో కలుస్తుంది. నీరు ఆవిరి కావాలంటే చాలా వేడి కావాలి. లీటరు నీటికి దాదాపు 580 కిలోక్యాలరీలు. ఆ వేడిని అది కుండనుంచీ, కుండలో మిగిలిన నీటినుంచీ లాక్కుంటుంది. స్టీలు బిందెకు ఊట లేదు కాబట్టి చలువా లేదు. మన చర్మంలోని 20 నుంచి 40 లక్షల స్వేదగ్రంథులు నీటిని ఊరిస్తాయి, గాలి దాన్ని ఆరబెడుతుంది, ఆరేటప్పుడు ఒంటి వేడి తగ్గుతుంది.

ఈ సంగతిని చార్లెస్ బ్లాగ్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు 1775 నాటికే ప్రయోగంతో చూపించాడు. దాదాపు 127 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసిన పొడి గదిలోకి వెళ్ళి, ఎనిమిది నిమిషాలు ఉండి, క్షేమంగా బయటికి వచ్చాడు. అదే వేడిలో పెట్టిన కోడిగుడ్లు గట్టిపడ్డాయి, మాంసం ఉడికింది. నాకు అంతకంటే ఇష్టమైనది ఆయన నీటిపాత్రలతో చేసిన చిన్న పరీక్ష. అంత వేడి గదిలో తెరచిపెట్టిన నీరు మరగలేదు. పైన నూనె పొర వేసిన నీరు మరిగింది. నూనె ఆవిరికి అడ్డుపడింది, అంతే తేడా. ఆవిరయ్యే దారి ఉన్నంతసేపు నీరు తనను తాను చల్లబరచుకుంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. నీటి ఆవిరి గురించి బడిలో నిర్వచనం బట్టీపట్టించే ముందు ఒక కుండనూ ఒక బిందెనూ పక్కపక్కన పెట్టి, మర్నాడు పిల్లలచేత రెండింటినీ తాకించాలని నా కోరిక.

ఇక మచిలీపట్నం సంగతి. వానాకాలంలో కుండనీళ్ళు అంతగా చల్లబడవని మన పెద్దలందరికీ తెలుసు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే, గోడ మీది నీటికి వెళ్ళే చోటు ఉండదు. తడిసిన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటే దాని మీది నీటి ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్‌లు. గాలిలోని ఆవిరి పీడనం ఇంతకంటే ఎంత తక్కువగా ఉంటే చెమట అంత వేగంగా ఆరుతుంది. రామగుండంలో 44 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకుంటే గాలిలో ఆ పీడనం సుమారు 1.8; తేడా 3.8. మచిలీపట్నంలో 36 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకుంటే అది దాదాపు 4.4, తేడా 1.2 మాత్రమే. రామగుండపు వేడిగాలి ఒంటికి అదనంగా వేడి ఎక్కిస్తుందన్నది నిజమే, కానీ తాగడానికి నీళ్ళున్నంతవరకు చెమట ఆ బాకీ తీర్చగలదు. సముద్రపు ఒడ్డున పందిట్లో ఆరే వేగం మూడోవంతుకు పడిపోయింది. చొక్కా తడిసి ముద్దయింది, ఒళ్ళు మాత్రం చల్లబడలేదు. నేల మీదికి జారిపడిన చెమటబొట్టు మన వేడిని తీసుకుపోదు, నీళ్ళనూ ఉప్పునూ మాత్రం తీసుకుపోతుంది.

కుండతో పోలిక ఇక్కడ ఒకచోట తెగుతుంది. కుండలో నిప్పు ఉండదు, మనలో ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా శరీరం గంటకు దాదాపు 80 కిలోక్యాలరీల వేడిని పుట్టిస్తుంది; పొలంలో పలుగు పట్టినవాడి ఒంట్లో అది 300 దాటవచ్చు. బయటికి దారే లేకపోతే 70 కిలోల మనిషి ఉష్ణోగ్రత కూర్చున్నచోటనే గంటకు ఒక డిగ్రీకి పైగా, ఆ శ్రమలోనైతే దాదాపు అయిదు డిగ్రీలు పెరుగుతుంది.

రెండో తేడా, కుండ తనంతట ఊరుతుంది, చర్మం ఆజ్ఞ వస్తేనే ఊరుతుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ రక్తపు వేడిని కనిపెట్టి మన ప్రమేయం లేకుండానే పనిచేసే సింపథెటిక్ నాడుల ద్వారా గ్రంథులకు కబురు పంపుతుంది. కబురు అందించే రసాయనంగా ఈ నాడులు సాధారణంగా తమ కొసల్లో నార్‌అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. స్వేదగ్రంథుల దగ్గర మాత్రం అసిటైల్‌కోలిన్‌ను వాడతాయి. ఈ మినహాయింపు మన జిల్లాల ఆసుపత్రుల్లో కళ్ళెదుటే కనిపిస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి వెళ్ళినవారిలో అసిటైల్‌కోలిన్ విరగకుండా పేరుకుపోయి చెమటలు ధారకడతాయి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఆ కబురును గ్రంథికి చేరనివ్వదు. ఉమ్మెత్తకాయ తిన్నవారి ఒళ్ళు పొడిబారి కాలిపోయేది కూడా అందుకే, దానిలో ఉన్నది అట్రోపిన్ జాతి రసాయనాలే.

గ్రంథి చుట్టలో మొదట ఊరే ద్రవం ఉప్పదనంలో రక్తరసానికి దగ్గరగా ఉంటుంది. పైకి వెళ్ళే నాళం గోడలు దారిలోనే సోడియాన్నీ క్లోరైడ్‌నూ తిరిగి పీల్చుకుంటాయి. చెమట మరీ వేగంగా పారితే పీల్చుకునే వ్యవధి చాలక ఉప్పు బయటికి పోతుంది. కూలీల చొక్కాల మీద తెల్లగా కట్టే చారలు అవే. ఎండకు వారం, రెండు వారాలు అలవాటుపడిన ఒంట్లో ఆల్డోస్టెరాన్ హార్మోను ఈ పొదుపును పెంచుతుంది, చెమట కూడా ముందే మొదలై ఎక్కువగా పడుతుంది. పాతబడిన కుండ రంధ్రాలు లవణాలతో పూడి చలువ తగ్గినట్టే, నాళాల నోళ్ళు మూసుకుపోతే చెమటకాయలు లేస్తాయి. వయసు మళ్ళినవారిలో ఒక్కో గ్రంథి ఇచ్చే చెమటే తగ్గిపోతుంది, వేసవిలో వారిని విడిగా కనిపెట్టుకోవలసిన కారణాల్లో అదొకటి.

చెమటకు నీరు రక్తంనుంచే రావాలి, లోపలి వేడిని చర్మందాకా మోసుకొచ్చేది కూడా రక్తమే. తీవ్రమైన వేడిలో నిమిషానికి ఏడెనిమిది లీటర్ల రక్తం చర్మానికే మళ్ళవచ్చు. పేగులకూ మూత్రపిండాలకూ అందేది తగ్గుతుంది, గుండె పరుగులు తీస్తుంది. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని నమ్మేవారు మా ఊళ్ళో చాలామంది. జేబులోని ఉల్లిపాయకు చెమటతోగానీ రక్తంతోగానీ ఏ సంబంధమూ లేదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగకు రెండింటితోనూ సంబంధం ఉంది.

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులు వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీశాయి. వడదెబ్బకు జ్వరం మాత్ర వేసే అలవాటు మనలో ఇంకా పోలేదు, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఒంటి వేడి ఎంత ఉండాలో హైపోథాలమస్ ఒక గీత గీసుకుని ఉంటుంది. జ్వరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు హైపోథాలమస్‌లోని గీతనే పైకి జరుపుతాయి, పారాసెటమాల్ దాన్ని కిందికి దించుతుంది. వడదెబ్బలో గీత ఉన్నచోటే ఉంటుంది, ఒళ్ళు దాన్ని అందుకోలేక ఓడిపోతుంది. అక్కడ మాత్రకు పని లేదు.

మరీ ఎండలు ముదిరిన రోజుల్లో మా అమ్మ కుండకు తడిగోనె చుట్టి, గాలి వచ్చే గుమ్మం పక్కన పెట్టేది. మాట తడబడి, ఒళ్ళు కాలిపోతూ పడిపోయిన మనిషికి 108 వచ్చేలోపు చేయవలసింది కూడా ఇదే: నీడకు చేర్చి, పైబట్టలు తీసి, ఒళ్ళంతా తడిపి, ఆగకుండా విసరడం. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు, పైన పోయవలసినవే అన్నీ.