కొండ దిగే అంబాసిడర్‌లో వేడి ఎక్కడికి పోతుంది?

తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు బండ్లు కిందికి దిగుతున్నాయి. మనుషులు నిండుగా ఎక్కిన పాత అంబాసిడర్ బరువు 1,400 కిలోలు అనుకుందాం. కొండ మీద నుంచి కిందికి చేరేలోపు అది సుమారు 96 లక్షల జౌల్స్ శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. అంకె పెద్దదే గానీ ఎంత పెద్దదో తెలియడం లేదు కదా? అదే కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ పూర్తిగా ఆగడానికి వదలాల్సింది మూడున్నర లక్షల జౌల్స్. దాంతో లీటరు చన్నీళ్ళు మరిగిపోతాయి. కొండ దిగడమంటే అలా 27 సార్లు ఆగినట్టు.

ఇందులో కొంత టైర్ల రాపిడికి, కొంత ఎదురుగాలికి పోతుంది. సెకండ్ గేర్‌లో దిగితే ఇంజన్ కూడా మంచి వాటా తీసుకుంటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే మహానుభావులున్నారు. వాళ్ళు ఇంజన్ వాటాని కూడా తెచ్చి నాలుగు ఇనుప గిన్నెల నెత్తిన పెడుతున్నట్టే.

ఆ గిన్నెలే బ్రేకు డ్రమ్‌లు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్‌కి చాలా కాలం నాలుగు చక్రాలకూ ఇవే ఉండేవి. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినీకీ అంతే. ఇప్పుడు ఈ కార్లను ముచ్చటపడి కొనుక్కున్నవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న, “డిస్క్ బ్రేకులు వేయించేద్దామా?” అని. జవాబు చెప్పాలంటే ముందు డ్రమ్ గుణమేమిటో తెలియాలి.

డ్రమ్ చక్రంతో పాటే తిరుగుతుంది. లోపల చంద్రవంకల్లా రెండు షూలు, వాటికి అంటించిన రాపిడి పట్టీలు, అంటే లైనర్లు. పెడల్ తొక్కితే దానికి కలిపిన మాస్టర్ సిలిండర్ నుంచి బ్రేక్ ఆయిల్ ద్వారా వచ్చిన ఒత్తిడి, చక్రం దగ్గరుండే వీల్ సిలిండర్ పిస్టన్లను నెడుతుంది. అవి షూలను రెండు పక్కలకూ విప్పి డ్రమ్ గోడకు అదుముతాయి. అసలు కిటుకు ఆ తరవాత ఉంది. గాలికి కొట్టుకునే తలుపు కింద చెక్కముక్క దోపుతాం కదా, తలుపు ఎంత తోస్తే అది అంత బిగుసుకుంటుంది. అలాగే తిరుగుతున్న డ్రమ్ ఒక షూని తన వైపే లాక్కుంటుంది. దాన్ని లీడింగ్ షూ అంటారు. మనం కొంచెం నొక్కితే డ్రమ్ మిగతాది కలుపుతుంది. కాలి బలాన్ని పెంచి ఇచ్చే బూస్టర్ లేని రోజుల్లో అంత బరువైన కార్లు మామూలు కాలి బలంతో ఆగాయంటే ఇందుకే. రెండో షూని మాత్రం డ్రమ్ వెనక్కి నెట్టేస్తుంది. అందుకని చాలా పాత కార్లలో ముందు చక్రాలకు రెండు షూలూ లీడింగ్‌గా ఉండేలా పెట్టారు. అలాంటి కారు వెనక్కి జారుతుంటే మాత్రం రెండూ తేలిపోతాయి. ఎత్తు మీద రివర్స్‌లో బ్రేక్ సరిగ్గా పట్టట్లేదని మెకానిక్‌ని తిట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే ఆ కలిపి ఇచ్చే గుణం మంచికీ చెడుకీ ఒకటే. వేడికి లైనర్ రాపిడి పావు వంతు తగ్గితే లీడింగ్ షూ బలం పావు కంటే ఎక్కువే పడిపోతుంది. ఎడమ డ్రమ్‌లో కాస్త గ్రీజు పడి, కుడివైపు పొడిగా ఉంటే ఆ చిన్న తేడా పెద్దదై బండి ఒక పక్కకి లాగుతుంది. డ్రమ్ బ్రేకు పనంతా ఎడమా కుడీ ఒకేలా ఉంచడమే అని నా నమ్మకం. ఒక డ్రమ్‌ని లేత్ మీద కోయిస్తే జతదాన్నీ అంతే కోయించాలి. అనుమతించిన గరిష్ఠ వ్యాసం దాటితే మాత్రం పారేయాల్సిందే. లైనర్లు ఒకవైపు మాత్రమే మార్చకూడదు. కోసిన డ్రమ్‌లో పాత కొలత షూ మధ్యలో మాత్రమే ఆనుతుంది. ఆ వంపు కలిసేలా లైనర్‌ని అరగదీయించాలి. ఇది తెలిసిన పనివాళ్ళు తగ్గిపోతున్నారు, దొరికితే వదులుకోకండి.

ఇక వేడి. తొమ్మిది అంగుళాల పోత ఇనుప డ్రమ్ 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం అర మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే గోడ షూ నుంచి దూరంగా జరుగుతుంది, పెడల్ మరింత కిందికి పోతుంది. డిస్క్ బ్రేకులో చక్రంతో తిరిగే పళ్ళేన్ని రెండు పక్కల నుంచీ ప్యాడ్‌లు నొక్కుతాయి, ఆ పళ్ళెం వేడికి మందం పెరిగి ప్యాడ్ వైపే వస్తుంది. పైగా బయటి గాలికి నేరుగా ఆరుతుంది. డిస్క్ గొప్పతనం ప్రధానంగా ఇక్కడే ఉంది.

వేడి లోపలి బ్రేక్ ఆయిల్‌కీ పాకుతుంది. మనం ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. ఆయిలే కదా అని ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి. ఇది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డబ్బా మీద డాట్ 3 అని ఉండే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, తేమ పట్టాక ఆ హద్దు 140. డాట్ 4కి ఇవి 230, 155. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి తేమ గాలి ఊళ్ళలో రెండేళ్ళకోసారి మార్చడం ఏమాత్రం అతి కాదు. పెయింట్ మీద పడితే ఊడిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

ఆయిల్ మార్చేటప్పుడు నేనొక తప్పు చేశాను. పాత మాస్టర్ సిలిండర్‌నే ఉంచి, లైన్‌లో చిక్కిన ఎయిర్ తీయడానికి పెడల్‌ని నేల దాకా పదేపదే తొక్కాను. రోజూ వాషర్ వెళ్ళని లోపలి భాగంలో తుప్పు ఉంటుంది, దాని మీదికి నెట్టేసరికి వాషర్ చిరిగిపోయింది. అప్పటి నుంచి పెడల్ కింద చెక్కముక్క పెట్టి సగం దూరమే తొక్కుతున్నాను.

డ్రమ్ విప్పగానే లోపల నల్లటి పొడి కనిపిస్తుంది. షాపుల్లో కంప్రెసర్ గాలి కొట్టి ఊదేస్తారు. దయచేసి వద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ సన్నని నారలు ఊపిరితిత్తుల్లో చేరితే పదుల ఏళ్ళ తరవాత కూడా క్యాన్సర్ తెస్తాయి. మంచి మాస్క్ పెట్టుకుని, పొడిని ముందు సబ్బు నీళ్ళతో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ప్లాస్టిక్ కవర్‌లో మూతికట్టి పారేయాలి. కారు కింద జాకీ ఒక్కటే ఉంటే అసలు పని మొదలుపెట్టవద్దు. స్టాండ్లు ఉండాలి, నేల మీదున్న చక్రాలకు అడ్డు ఉండాలి.

డిస్క్ సంగతికొస్తే, కొండలు ఎక్కి దిగేవాళ్ళకు ముందు చక్రాలకు వేయించడంలో అర్థముంది. చివరి కాలపు అంబాసిడర్లకు కంపెనీయే ఇచ్చింది. కానీ డ్రమ్‌ల మాస్టర్ సిలిండర్‌ని అలాగే ఉంచి డిస్క్ బిగించారనుకోండి, చాలావాటిలో ఉండే ఒక చిన్న వాల్వ్ లైన్‌లో కొద్ది ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచుతుంది. డ్రమ్‌కి అది కావాలి, డిస్క్‌కి మాత్రం ప్యాడ్ వదలకుండా రుద్దుకుంటూనే ఉంటుంది. ముందు డిస్క్‌లకీ వెనక డ్రమ్‌లకీ మధ్య బ్రేకు బలం పాళ్ళు కూడా తప్పుతాయి. బూస్టర్ పెడితే కాలికి హాయి, అంతే. డ్రమ్‌లోని వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గదు.

నా డబ్బు అయితే నేను ముందు ఖర్చుపెట్టేది రెండు గదుల మాస్టర్ సిలిండర్ మీద. పాత కార్లలో ఆయిల్ లైన్ ఒకటే. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలూ పోతాయి, మిగిలేది హ్యాండ్‌బ్రేక్ మాత్రమే. రెండు గదులుంటే కనీసం రెండు చక్రాలు పట్టుకుంటాయి.

పనంతా అయ్యాక ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, స్టీరింగ్‌ని వేళ్ళతో తేలిగ్గా పట్టుకుని బ్రేక్ నొక్కి చూడండి. తరవాత ఆపి నాలుగు డ్రమ్‌లనూ వేడి కొలిచే గన్‌తో చూడండి. ముందు చక్రాలు వెనకవాటి కంటే వేడిగా ఉండటం మామూలే. ఎడమది 90, కుడిది 140 చూపిస్తే మాత్రం మళ్ళీ జాకీ తీయాల్సిందే.