చెల్లి గుండెల్లో ఈల

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవులు కిట్టుకీ, హాసినికీ తాతయ్య ఆశీస్సులు.

కిట్టూ, మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ ఫోను లాక్కుంది. చెల్లికి నెబులైజర్ పెట్టే హడావుడిలో ఉంది పాపం. నీ ప్రశ్న మాత్రం నాకు బాగా నచ్చింది. "జలుబు నా దగ్గర్నుంచే చెల్లికి అంటుకుందంట. నాకు నాలుగు రోజుల్లో పోయింది. దానికి ఇన్నాళ్లయినా పోలేదు, పైగా పడుకుంటే గుండెల్లో ఈల వేస్తోంది. ఒకటే జలుబు కదా తాతయ్యా, ఎందుకట్లా?" అన్నావు. మీ నాన్న ఇంజనీరింగు అయ్యేదాకా ఇలాంటి ప్రశ్న ఒక్కటి అడిగిన పాపాన పోలేదు.

మన ఊరు తెనాలి అవతల కదా. మన పొలం కాలవకి బాగా శివారు. మీ బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పెద్ద కాలవలో పడి, దాన్నుంచి చిన్న కాలవలోకి, అక్కణ్నుంచి పంట బోదెలోకి, చిట్టచివరికి మన మడిలోకి రావాలి. ఆ బ్యారేజీ కట్టింది 1957లో. నాకు ఊహ తెలిసేసరికే అది ఉంది. వానాకాలం తెల్లారకముందే మా నాన్న నన్ను లేపి, చేతిలో పార పెట్టి, "బోదె చూసిరా" అనేవాడు. గట్టు నాని జారి ఉండేది, ఎండ్రకాయలు బొక్కలు పెట్టేవి, తుంగ అడ్డం పడేది. చలికి పళ్లు టకటకలాడుతుంటే మోకాలిలోతు బురదలో దిగి తీసేవాణ్ని. మీరేమో గీజర్ ఆన్ చేయలేదని స్కూలుకి ఆలస్యం చేస్తారు. సరే, పోనీ.

చెప్పొచ్చేదేమిటంటే, పెద్ద కాలవలో తట్టెడు మట్టి పడితే ఎవరికీ తెలియను కూడా తెలియదు. అదే తట్ట బోదెలో పడితే ఆ పూట మన మడికి నీళ్లు లేనట్టే. మన ఊపిరి గొట్టాలూ అంతే. గొంతులోంచి దిగిన గొట్టం రెండుగా చీలుతుంది, ఒక్కొక్కటి మళ్లీ రెండు, అలా దాదాపు 23 సార్లు చీలుతుంది. చివరివి పెద్దవాళ్లలోనే మిల్లీమీటరు కన్నా సన్నం. ఏడాదిన్నర పిల్లలో ఎంతుంటాయో మీరే ఊహించుకోండి. జలుబు చేసినప్పుడు గొట్టం లోపలి పొర గట్టు నానినట్టు వాస్తుంది, కఫం బురదలా పేరుకుంటుంది. కిట్టూ, నీది కాలవ, చీమిడితో సరిపోయింది. దానిది బోదె. ఆ ఇరుకులోంచి గాలి బయటికి రాలేక రాలేక వస్తూ ఈల వేస్తుంది. పెద్దవాళ్లు పిల్లికూతలు అనేది దాన్నే.

మరి మందు లేదా అంటావు. జలుబు తెచ్చేవి వైరస్‌లు, 200 రకాలకు పైనే ఉన్నాయి. యాంటీబయోటిక్ వాటిమీద పనిచేయదు. బళ్లోకి వెళ్లే పిల్లలున్న ఇంట్లో చంటిదానికి ఏడాదికి ఆరేడు జలుబులు మామూలే. దగ్గు రెండు మూడు వారాలు లాగడమూ మామూలే. అంచేత బోదె తెరిచి ఉంచుతూ ఓపిక పట్టడమే మన పని. ఎండిన మట్టిని తవ్వాలంటే ముందు తడపాలి కదా, డాక్టరుగారు రాసిన సెలైన్ చుక్కలు ముక్కులో వేసేది అందుకే. పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టాలి. ఇక పంపులో, అదే మందు పీల్చే ఇన్‌హేలర్‌లో, ఉండే సాల్బుటమాల్ అనే మందు ఏం చేస్తుందంటే, గొట్టం చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. బోదె చుట్టూ ఎవరో తాడు బిగించారనుకో, దాన్ని సడలించినట్టు. బోదెకి తాడేమిటని అడక్కు. ఏడాదిలోపు పసివాళ్లలో ఆ మందు అంతగా పనిచేయకపోవచ్చు, అందుకే ఎవరికి ఎంతన్నది డాక్టరే చెప్పాలి. పంపు అలవాటైపోతుందని పక్కింటావిడ అన్నదట. అదేం నల్లమందు కాదని చెప్పండి.

హాసినీ, పంపుకి తగిలించే ప్లాస్టిక్ గొట్టం బాధ్యత నీది. సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టు. తుడిస్తే లోపల స్థిరవిద్యుత్తు పుట్టి, మందు చెల్లికి పోకుండా గోడలకే అంటుకుపోతుంది.

మా నాయనమ్మ పిల్లలకి తలంటి సాంబ్రాణి పొగ వేసేది, ముక్కులో నూనె చుక్క వేసేది, గుండెకి కర్పూరం రాసేది. ప్రేమకేం లోటు లేదు. కానీ పొగ ఆ సన్నని గొట్టాలను ఇంకా వాచేలా చేస్తుంది, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు, కర్పూరం చంటిపిల్లలకి విషం లాంటిది. ఏడాది నిండనివాళ్లకి తేనె కూడా నాకించకూడదు. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖవాళ్లు రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు సిరప్పులు రాయొద్దని డాక్టర్లకే చెప్పారు. ఇంక మందులషాపు అబ్బాయి ఇచ్చే సీసా సంగతి వేరే చెప్పాలా? దోమల చక్రాలు కూడా మానండి. భోగినాడు మీ వీధిలో పాత టైర్లు తగలేస్తారు కాబట్టి, ఆ తెల్లవారుజామున చెల్లిని తలుపులు బిగించిన గదిలోనే ఉంచండి. సాయంత్రం భోగిపళ్లు పోస్తారుగా, రేగిపళ్లూ శనగలూ దాని నోట్లోకి పోకుండా ఇద్దరూ కాపలా కాయండి. జలుబు లేని పిల్లకి ఉన్నట్టుండి పొలమారి ఈల మొదలైతే, గింజ గొట్టంలోకి దిగిందేమోనని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కిట్టూ, బడినుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కో. చెల్లిని ముద్దు పెట్టుకోవడం ఆ తర్వాత.

ఇప్పుడు మీరిద్దరూ ఒక పని చేయాలి. రాత్రి చెల్లి బాగా నిద్రపోయాక గౌను కాస్త పైకి జరిపి పొట్ట చూడండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. హాసిని గడియారం చూడాలి, కిట్టు లెక్కపెట్టాలి, నిండుగా ఒక నిమిషం. చెల్లి వయసుకి 40 గానీ ఆపైన గానీ వస్తే అమ్మని లేపండి. డొక్కలు ఎగరేస్తున్నా, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్క పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు, అప్పుడే లేపండి. పెదాలు నీలంగా ఉంటే 108కి ఫోను చేయించండి. ఇవేవీ లేకపోతే ఆ అంకెని తేదీ వేసి ఫ్రిజ్ మీద అంటించి, పొద్దున్నే నాకు వాట్సాప్‌లో పెట్టండి.

ఇట్లు,
తాతయ్య