గుండ్రంగా తిరిగే బిట్టు, ఏటవాలు తోక

ఇంట్లో పాతకాలపు బల్ల ఏదైనా ఉంటే దాని సొరుగును పూర్తిగా బయటకు లాగి, ఒక పక్కకు తిప్పి చూడండి. ముందు పలకా పక్క పలకా కలిసే మూలలో విసనకర్రల్లా విచ్చుకున్న చెక్క నాలుకలు వరుసగా కనిపిస్తే అది డవ్‌టెయిల్ జాయింటు. విప్పారిన పావురం తోకలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ప్రాచీన ఈజిప్టు సమాధుల్లో దొరికిన సామానులో కూడా ఈ అతుకు ఉంది. ఇన్ని వేల ఏళ్లు నిలిచిందంటే అందం ఒక్కటే కారణం కాదు.

సొరుగు మీద పడే బలం ఎప్పుడూ ఒకే దారిలో ఉంటుంది: లాగడం, నెట్టడం. లాగిన ప్రతిసారీ ముందు పలక ఊడి చేతిలోకి వచ్చేయాలని చూస్తుంది. అక్కడ మేకు కొడితే అది పక్క పలక చివరలోకి, అంటే తెగిన నారల మధ్యకు దిగుతుంది. ఆ దిశలో చెక్కకు మేకును పట్టి ఉంచే శక్తి తక్కువ. జిగురుదీ అదే కష్టం. పలక చివర సన్నని గొట్టాల కట్టను అడ్డంగా కోసినట్టు ఉంటుంది. రాసిన జిగురు లోపలికి ఇంకిపోతుంది. డవ్‌టెయిల్‌లో పక్క పలక చివరను తోకలుగా కోస్తారు. తోక కొన వెడల్పు, మొదలు సన్నం. ముందు పలకలో అదే ఆకారంలో తొలిచిన గూట్లో కూర్చున్నాక, వెడల్పాటి కొన ఇరుకైన నోటిలోంచి వెనక్కి రాలేదు. పైగా తోకల పక్కలు నార పొడవునా సాగే తలాలు. జిగురు గట్టిగా పట్టేది అలాంటి చోటే.

వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం మనకు తెలిసిందే. చెక్క అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. పచ్చి కలప పూర్తిగా ఆరేసరికి నార పొడవునా కుంచించుకుపోయేది 0.1 నుంచి 0.2 శాతం మాత్రమే. అడ్డంగా మాత్రం, స్థిరమైన కలపగా పేరున్న టేకు కూడా, వలయాల వెంట 6 శాతం దాకా తగ్గుతుంది. సొరుగు మూలలో రెండు పలకలూ నిలువు దిశలోనే ఉబ్బుతాయి, అదే దిశలో కుంచించుకుపోతాయి. రెండూ కలిసి కదులుతాయి కాబట్టి అతుకు మీద ఒత్తిడి పడదు.

ఇక కోయడం సంగతి. చేత్తో చేసే వడ్రంగికి రంపం, ఉలి, గీత గీసే పరికరం చాలు. మెత్తని కలపకు 6కు 1 వాలు (ఆరు పాళ్ల పొడవుకు ఒక పాలు పక్కకు), గట్టి కలపకు 8కి 1 వాలు అని పాత లెక్క. రంపం ఏటవాలుగా తిన్నగా కోస్తుంది, ఉలి మూలలను చదరంగా తేలుస్తుంది. అంటే ఈ అతుకు ఆకారం ఆ రెండు పనిముట్ల స్వభావం నుంచి పుట్టింది. గిరగిరా తిరిగే యంత్రానికి ఈ ఆకారం నచ్చదు. దానికి సహజంగా వచ్చేది వృత్తం.

ఈ పేచీని యంత్రం తొలిసారి తనకు అనుకూలంగా తేల్చుకున్న సందర్భం ఒకటుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌లూకు చెందిన చార్లెస్ నాప్ 1867లో ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది తోకలను వదిలేసి, అర్ధచంద్రాకారపు వంపులు, వాటి నడుమ గుండ్రని పుల్లలు ఉండే కొత్త అతుకును కోసేది. 1870ల నుంచి ఆ శతాబ్దం చివరిదాకా అమెరికా ఫ్యాక్టరీ సొరుగుల్లో అది విరివిగా కనిపిస్తుంది. అతుకు గట్టిదే. కానీ కొన్నవాళ్ల కళ్లకు పావురం తోకే కావాలి. తోకలనే కోయగల యంత్రాలు వచ్చాక నాప్ అతుకు కనుమరుగైంది. ఇప్పుడు పాత సామాను వ్యాపారులు ఆ అర్ధచంద్రాలను చూసి బల్ల వయసు చెబుతారు.

నేటి రౌటర్ జిగ్‌ది రాజీ మార్గం. (రౌటర్ అనగానే వైఫై డబ్బా గుర్తొచ్చేవారికి: ఇది రెండు చేతులతో పట్టుకునే మోటారు, అడుగున పదునైన బిట్టు.) డవ్‌టెయిల్ బిట్టు కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. వాలు బిట్టులోనే ఉంది కాబట్టి చేతిని వంచాల్సిన పని లేదు. అడుగున 12.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిట్టు నిమిషానికి 20,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 13 మీటర్లకు పైగా పరుగెడుతుంది. రెండు పళ్లున్న బిట్టు నిమిషానికి 40,000 సార్లు చెక్కను గీరుతుంది. దాన్ని నిమిషానికి 2 మీటర్ల చొప్పున నడిపితే ఒక్కో పన్ను తీసే పొర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అంతకంటే బాగా నెమ్మదిస్తే పన్ను కోయడం మాని రాపిడి మొదలుపెడుతుంది. చెక్క మాడిన వాసన వస్తుంది.

జిగ్ అంటే పలకలను బిగించే చట్రం, దాని మీద దువ్వెన లాంటి టెంప్లేటు. సొరుగులకు వాడే మామూలు రకంలో పక్క పలకను ముందు నిలువుగా, ముందు పలకను పైన అడ్డంగా, లోపలి ముఖాలు బయటికి కనిపించేలా బిగిస్తారు. రెండింటినీ సగం తోక దూరం పక్కకు జరుపుతారు. రౌటర్ అడుగున బిట్టు చుట్టూ ఉండే గైడ్ బుష్ అనే లోహపు కట్టు దువ్వెన పళ్ల వెంట లోపలికీ బయటికీ తిరుగుతుంటే, బిట్టు ఒకే నడకలో ఒక పలకలో తోకలను, రెండో పలకలో గూళ్లను కోసేస్తుంది. బిట్టు మలుపు తిరిగినచోట గూటి లోపలి అంచు గుండ్రంగా వస్తుంది, తోక వెనుక అంచూ అంతే గుండ్రంగా వచ్చి అందులో ఒదుగుతుంది. నాప్ వృత్తం ఇక్కడా ఉంది, కాకపోతే అతుకు లోపల దాక్కుంది.

ఇందులో నాకు అన్నింటికంటే ముచ్చటేసేది బిగువు లెక్క. చేత్తో కోసేటప్పుడు తోక బిగుతుగా ఉంటే ఉలితో ఒక పొర తీస్తాం. ఇక్కడ ఏ పలకనూ తాకం, బిట్టు లోతును మారుస్తాం. అతుకు వదులుగా ఉంటే బిట్టును ఇంకా కిందికి దించాలి! ఎక్కువ లోతు కోస్తే ఎక్కువ బిగుతెలా అవుతుంది? గూటి అడుగు వెడల్పు బిట్టు వ్యాసమే. ఎంత లోతుకు దించినా అది మారదు. తోకల మధ్య సందులను కోసేదీ అదే బిట్టు. అది లోతుకు దిగేకొద్దీ పలక కొసకు ఎదురుగా వచ్చేది బిట్టు పైనున్న సన్నటి భాగం. కొస దగ్గర తొలగిపోయే చెక్క తగ్గుతుంది, తోక కొన వెడల్పుగా మిగులుతుంది. 14 డిగ్రీల బిట్టు 1 మిల్లీమీటరు దిగితే తోక కొన అర మిల్లీమీటరు పెరుగుతుంది. లోతు మార్చే మరలో కాగితం మందమంత మార్పు కూడా సుత్తి దెబ్బకు తెలుస్తుంది.

ఆ 14 డిగ్రీలు సుమారు 4కు 1 వాలు. చేతి వడ్రంగుల లెక్కకు దాదాపు రెట్టింపు. కోత లోతు తక్కువ కాబట్టి అది పనికొస్తుంది. 10 మిల్లీమీటర్ల లోతులో 8కి 1 వాలు తోకను పక్కకు 1.25 మిల్లీమీటర్లే విప్పుతుంది, 14 డిగ్రీలైతే 2.5. వాలు మరీ పెరిగితే కొన మూలల్లో నార పొట్టిదై చిట్లిపోతుంది.

బిట్టు అడుగు వెడల్పు కావడంతో రెండు కట్టుబాట్లు తప్పవు. కోతను కొంచెం కొంచెంగా లోతుకు తీసుకెళ్లలేం. మొదటిసారే పూర్తి లోతుకు పోవాలి. తిరుగుతుండగా రౌటర్‌ను పైకెత్తకూడదు. ఎత్తితే తోకా పోతుంది, దువ్వెన పన్నూ పోతుంది. పలక ముఖం చిట్లకుండా ఉండాలంటే ముందు కుడి నుంచి ఎడమకు, అంచును లేతగా గీస్తూ ఒకసారి నడపాలి. పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కాబట్టి అలా నడిపినప్పుడు పళ్లు నారను చెక్క లోపలికి నొక్కుతాయి. అయితే ఆ దిశలో రౌటర్ తనంతట తానే ముందుకు దూకాలని చూస్తుంది, అందుకే లేతగా. అసలు కోత ఎడమ నుంచి కుడికి. ముక్కుకు మాస్కు మరచిపోవద్దు; కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

రెండు వైపులా కనిపించే డవ్‌టెయిల్ కావాలంటే రెండు బిట్లు మార్చాలి: తోకలకు వాలు బిట్టు, పిన్నులకు, అంటే తోకల మధ్య సందుల్లో కూర్చునే ఎదుటి పలక పళ్లకు, తిన్నని బిట్టు. అక్కడ కూడా యంత్రం జాడ దొరికిపోతుంది. రెండు తోకల మధ్య సందులోంచి బిట్టు మెడ పట్టాలి కాబట్టి పిన్ను మెడకంటే సన్నగా రాదు. చేతిపనిలో ఆ సందు సన్నటి వైపు రంపపు కోతంత ఉన్నా చాలు. అలాంటి పిన్నులున్న పెట్టె చూస్తే నేను జిగ్‌ను పక్కన పెట్టి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోతాను.

జిగ్‌తో కాలం పట్టేది కోతకు కాదు, అమరికకు. అసలు పలకల మందం, అదే కలప ఉన్న పనికిరాని ముక్కల మీద మూడు నాలుగు సార్లు కోసి చూసుకోవాలి. సరైన బిగువు కుదిరిన రోజు ఆ ముక్కను పారేయకండి. బిట్టు పేరు, వాలు దాని మీద పెన్సిలుతో రాసి జిగ్ పెట్టెలోనే ఉంచండి. మళ్లీ పని పడినప్పుడు మోటారు ఆపి, బిట్టును ఆ ముక్కలోని గాడిలోకి జరిపి, అడుగు తాకేదాకా దించి మర బిగిస్తే చాలు.