రొమ్ము రేడియేషన్: అవతలి రొమ్ముకు, ఊపిరితిత్తికి ముప్పు ఎక్కడి నుంచి వచ్చింది

క్యాన్సర్ చికిత్సే మరో క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న అనుమానం రొమ్ము విషయంలో టీబీ వార్డుల్లో మొదలైంది. కెనడాలోని నోవా స్కోషియాలో టీబీ రోగుల ఛాతీని పదేపదే ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే) కింద చూసేవారు. ఆ ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని ఇయాన్ మెకెంజీ 1965లో బయటపెట్టారు. రేడియేషన్ ఎంత చిన్న వయసులో తగిలితే రొమ్ముకు అంత చేటని హిరోషిమా, నాగసాకి లెక్కలు తేల్చాయి.

1970లలో మిలాన్‌లో సర్జన్ వెరొనేసి, అమెరికాలో సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ మొదలుపెట్టిన ట్రయల్స్‌తో గడ్డ వరకే తీసి, మిగిలిన రొమ్ముకు రేడియేషన్ ఇచ్చే పద్ధతి నిలబడింది. అప్పట్లో మామూలు డోసు 25 విడతల్లో 50 గ్రే (శరీరానికి తగిలే రేడియేషన్ కొలత). చికిత్స తర్వాత దశాబ్దాలు బతికేవాళ్లు పెరిగేసరికి ఈ రేడియేషన్ అవతలి రొమ్ములో క్యాన్సర్ తెస్తుందేమోనన్న పాత అనుమానం మళ్లీ ముందుకొచ్చింది.

అసలు చిక్కు వెడ్జ్ దగ్గరుంది. రొమ్ము ఛాతీ వైపు మందంగా, చనుమొన వైపు పలచగా ఉంటుంది. లోపలి వైపు (ఛాతీ మధ్య) నుంచి ఒకటి, బయటి వైపు (చంక) నుంచి ఒకటి వాలుగా రెండు బీములు వేస్తే పలచని చోట డోసు పెరిగి చర్మం కమిలిపోతుంది. అందుకని బీముకు అడ్డంగా వెడ్జ్ అనే ఏటవాలు లోహపు ముక్క పెట్టి, దాని మందపు అంచు చనుమొన వైపు ఉంచేవారు. లోపలి బీము వేసేటప్పుడు మెషిన్ తల అవతలి రొమ్ము వైపే ఉంటుంది. లోహానికి తగిలి చెదిరిన కిరణాలు నేరుగా దానిమీదే పడేవి. లోపలి బీములో వెడ్జ్ తీసేసి బయటి బీములోనే ఉంచడం మొదటి పరిష్కారం. తర్వాత వచ్చిన ఫీల్డ్-ఇన్-ఫీల్డ్ పద్ధతిలో వెడ్జే లేదు. డోసు ఎక్కువైన చోటును మెషిన్‌లోని కదిలే లోహపు పలకలతో (లీఫులు) మూసి చిన్న చిన్న సెగ్మెంట్లు వేస్తారు. మెషిన్ ఎంత రేడియేషన్ వెలువరించాలో చెప్పే మానిటర్ యూనిట్లూ తగ్గుతాయి.

1992లో బోయిస్ బృందం పాత రోగులను పరిశీలిస్తే అవతలి రొమ్ముకు సగటున 2.82 గ్రే తగిలింది. 45 ఏళ్ల లోపు వాళ్లలో ముప్పు సుమారు 1.6 రెట్లు. 2008లో వీకేర్ అధ్యయనం ఇంకాస్త తేటగా చెప్పింది: 40 ఏళ్ల లోపు వాళ్లకు అవతలి రొమ్ముకు తగిలిన డోసు ఒక గ్రే దాటితే ముప్పు 2.5 రెట్లు, 40 దాటినవాళ్లలో పెరుగుదల కనిపించలేదు. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కంటే దాదాపు పదేళ్లు ముందే వస్తుంది. కాబట్టి ఇది పరాయి లెక్క కాదు. అలాగని రేడియేషన్ మానేయమని కాదు. గడ్డ తీసినవాళ్లలో పదేళ్లలో జబ్బు తిరగబెట్టడం రేడియేషన్ వల్ల 35 శాతం నుంచి 19.3 శాతానికి తగ్గిందని 2011 ఉమ్మడి విశ్లేషణ తేల్చింది.

బీము తీవ్రతను చోటుచోటుకీ మార్చే ఐఎంఆర్‌టీ పద్ధతితో రెండో క్యాన్సర్లు 1 శాతం నుంచి 1.75 శాతానికి పెరగొచ్చని 2003లో హాల్, వూ అనే శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఆ అంకెను రొమ్ముకు యథాతథంగా అంటగట్టడం సరికాదు. మానిటర్ యూనిట్లు పెరిగి లీకేజీ ఎక్కువవుతుందన్నది వాళ్ల మొదటి కారణం, ఫీల్డ్-ఇన్-ఫీల్డ్‌కు అది వర్తించదు. చాలా దిక్కుల నుంచి కొద్దికొద్దిగా డోసు పరుచుకుంటుందన్న రెండో కారణం మాత్రం మెషిన్ రోగి చుట్టూ తిరుగుతూ డోసు ఇచ్చే వీమ్యాట్‌కు సరిగ్గా సరిపోతుంది.

ఊపిరితిత్తి సంగతి వేరు. అక్కడ నిర్ణయించేది పొగ. 2017 విశ్లేషణలో రెండు ఊపిరితిత్తులకు సగటు డోసు 5.7 గ్రే. దానివల్ల పెరిగే లంగ్ క్యాన్సర్ ముప్పు పొగతాగని వాళ్లలో 0.3 శాతం, తాగుతూనే ఉండేవాళ్లలో దాదాపు 4 శాతం. ఆడవాళ్లే కదా అని పొగ తాగుతారా అన్న ప్రశ్న వదిలేయకూడదు, అడ్డపొగ (నిప్పు అంచు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) అలవాటున్న ఉత్తరాంధ్ర తీరంలో మరీను.

ఛాతీ ఎముక పక్కనుండే లింఫ్ గ్రంథులకూ డోసు కావాల్సినప్పుడు వీమ్యాట్ అవసరపడుతుంది. అప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ప్లానింగ్‌లో స్కాన్ బొమ్మ మీద అవతలి రొమ్ము హద్దును గీయకపోవడం. గీయని అవయవం సాఫ్ట్‌వేర్‌కు లేనట్టే, డోసును నిశ్చింతగా అటు తోసేస్తుంది. అవతలి రొమ్మును గీసి, దానికి సగటు డోసు పరిమితి పెట్టి, పూర్తి చుట్టుకు బదులు పాత వాలు బీముల (టాంజెంట్) దిశలో చిన్న ఆర్కులే వాడాలి. ఇంకో మాట: ఫీల్డ్ అంచుకు బాగా ఎడంగా ఉన్న డోసును ప్లానింగ్ సిస్టమ్ తరచూ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. చిన్న వయసు రోగికి కాగితం మీద ఒక గ్రేకు కాస్త కింద ఉన్న ప్లాన్‌ను చూసి ఊరుకోకుండా, చర్మం మీద టీఎల్‌డీ (డోసు కొలిచే చిన్న సాధనం) పెట్టి కొలిచి చూడాలి.